ఉన్న గైడ్స్‌ని ముందు సరిగ్గా నడపండి

ఆడపిల్లలకి లీడర్‌షిప్ నేర్పడానికి కొత్త స్కీము కావాలని ఎవరో రాశారు, బానే ఉంది కానీ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఉంది కదండీ, 1951లోనే ఆడపిల్లల సంస్థ గర్ల్ గైడ్స్ అందులో కలిసింది. ఆరు నుంచి ఎనిమిది మంది ఒక పెట్రోల్ (అంటే చిన్న జట్టు), వాళ్ళలో ఒకమ్మాయే లీడరు, క్యాంపులో టెంట్ ఎక్కడ వెయ్యాలి వంట ఎవరు చూడాలి అన్నీ ఆ పిల్లే పంచాలి, పెద్ద విషయాలైతే పెట్రోల్ లీడర్లంతా కోర్ట్ ఆఫ్ ఆనర్ అనే మీటింగులో కూర్చుని తేల్చుకుంటారు, గైడ్స్‌ని చూసుకునే పెద్దావిడ, అంటే గైడ్ కెప్టెన్, పక్కనుండి సలహా ఇవ్వాలి అంతే. ఇవ్వాలి అంటున్నా!! మా పాప స్కూల్లో అన్నీ టీచరే డిసైడ్ చేసేస్తారు, పిల్లలేమో ఆగస్టు 15కి యూనిఫాం వేసుకుని గెస్టులకి బొకేలు ఇస్తారు. గైడ్స్‌లో తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్ ఇలాంటి మెట్లు, అవార్డులు ఉన్నాయనే చాలామంది పేరెంట్స్‌కి తెలీదు, రాష్ట్రపతి అవార్డు దాకా వెళ్ళాలంటే ఏళ్ళు పడుతుంది, ఈలోపు టెన్త్ అని మాన్పించేస్తారు (అబ్బాయిల్నీ మాన్పిస్తార్లెండి, కానీ రాత్రి క్యాంపు అంటే మొదట నో చెప్పేది అమ్మాయిలకే). పూణేలో సంగం అని గైడ్స్ వరల్డ్ సెంటర్ 1966 నుంచీ ఉంది, మన గవర్నమెంట్ స్కూలు పిల్లల్లో ఎంతమంది దాని పేరు విన్నారు? స్కూలుకో ట్రైనింగ్ అయిన గైడ్ కెప్టెన్‌ని వెయ్యండి, కొత్త స్కీము సంగతి తర్వాత చూద్దాం