నీలం మూత ప్లగ్గు గారికి

మహారాజశ్రీ, మేం పడుకుంటూ తిరిగే మా క్యాంపర్ బండి ఎడమ పక్కన వేంచేసి, బయటి కరెంటుని బండిలోకి తీసుకునే నీలం మూత ప్లగ్గు గారికి నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమంగా లేము. మీరూ క్షేమంగా లేరని నిన్న సాయంత్రమే తెలిసింది.

నిన్న తెల్లారగట్ల బండిలో ఫ్రిజ్ తలుపు తీశాను. లోపల స్టీలు గిన్నెలో చీరమీను, మా గోదారి సన్న చేపలు. దసరా వెళ్లాక తూర్పు గాలికి నాలుగు రోజులు కనబడి మాయమైపోయే సరుకు. అత్తగారు రేవు దాకా మనిషిని పంపి, గ్లాసు లెక్కన బేరమాడి తెప్పించారు. గిన్నె మూత తియ్యకుండానే విషయం తెలిసిపోయింది. కొబ్బరిచెట్టు కింద పడుకున్న పిల్లికి కూడా తెలిసిపోయింది.

మీకు వైరు తగిలించి అప్పటికి రెండు రోజులండీ. రెండు రోజులుగా ఇంటి కరెంటు తాగుతున్న బండిలో, ఫ్రిజ్‌ని నడిపే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఎలా ఖాళీ అయింది?

మిమ్మల్ని అనుమానించలేదు. అంత పెద్దమనిషి వాలకం మీది. బావగారి స్విచ్ బోర్డుని అనుమానించాను (అందులో ఎర్త్ కన్ను అలంకారానికే, అది వేరే కథ). పక్క రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరిగితే వోల్టేజి పడిపోతోందన్నాను. ఎంసీబీ మార్చాను. 30 మీటర్ల వైరు కొత్తది కొన్నాను. స్టెబిలైజర్ కూడా కొనేవాణ్ణే, ఇంట్లోంచి ఒక చూపు వచ్చి ఆగిపోయాను.

కరెంటు పని చేసే అబ్బాయి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ మీరు పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులా కూర్చున్నారు. "ఆయ్, కరెంటు శుభ్రంగా ఉందండీ. టెస్టరు ఎలా వెలుగుతోందో చూడండి" అని అతను వెళ్లిపోయాడు. అతని బండి చప్పుడు కాలువ గట్టు మలుపు తిరిగేదాకా బుద్ధిగానే ఉన్నారు. ఆ తర్వాత బండిలో బ్యాటరీ చార్జర్ మీద పచ్చ లైటు ఆరింది. వెలిగింది. మళ్లీ ఆరింది. నేను పరిగెత్తుకుంటూ వచ్చి మీ మూత ఎత్తి, వైరు చేత్తో పట్టుకుంటే వెలిగింది. వదిలేస్తే ఆరింది. రాత్రంతా మిమ్మల్ని చేత్తో పట్టుకుని నిలబడాలా నేను?

అత్తగారేమో "ఇంట్లో పట్టెమంచం ఉండగా లారీలో పడుకోవడమేంటి బాబూ" అంటారు. అది లారీ కాదని, దీనికి ఇచ్చేది షోర్ పవర్ అని, పడవ రేవులో కట్టినప్పుడు ఒడ్డు నుంచి లాగే కరెంటుకి ఆ పేరని చెప్పాను. "నర్సాపురంలో గోదారి దాటించే పంటెక్కే కదా వచ్చింది, పేరు సరిపోయింది" అన్నారు బావగారు.

చివరికి నిన్న సాయంత్రం 1500 వాట్ల కెటిల్ పెట్టి చూశాను. అంతకుముందు, ఏ లోడూ లేనప్పుడు, బండి లోపల మీటరు 231 వోల్టులు చూపించింది. కెటిల్ వెయ్యగానే 188. పరుగున ఇంటి బోర్డు దగ్గర చూస్తే అక్కడ 226. వైరు పొడవుకి అయిదారు వోల్టులు పోనీ. మిగతావి మధ్యలో ఎవరు మింగారు? నీ మీద చెయ్యి వేశాను. కాలింది.

దొంగా! మెయిన్ ఆపి, వైరు పీకి, నీ వెనక స్క్రూలు విప్పాను. కరెంటు తెచ్చే ఫేజ్ వైరు బిగుతుగానే ఉంది. ఎర్త్ కూడా. న్యూట్రల్ వైరు వేలితో తాకితే పాలపన్నులా ఊగింది. ఇత్తడి మీద పచ్చటి చిలుము. చుట్టూ ప్లాస్టిక్ మాడిన అప్పడంలా అయింది. అంతర్వేది ఉప్పుగాలి నీకు కొత్త, ఒప్పుకుంటాను. గతుకుల రోడ్డుకి స్క్రూ వదులైంది, అదీ ఒప్పుకుంటాను. మరి ఆ టెస్టరు ముందు నాటకం ఎందుకు? ఫేజ్ ఉంటే చాలు, అది వెలుగుతుంది. కరెంటు తిరిగి వెళ్లే దారి, అంటే న్యూట్రల్, ఉందో లేదో దానికి అక్కర్లేదు. నీకది తెలుసు. ఆ తెలివి చూసుకునే నన్ను మా అత్తారింట్లో మూడు రోజులు వెర్రివాణ్ణి చేశావు! బిగించిన షాపతను "లైఫ్‌టైమండీ, చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఎవరి లైఫో అడగాల్సింది.

మాడిన కొస కత్తిరించి, చిలుము గీకి, స్క్రూ బిగించాను. కెటిల్ రెండుసార్లు కాగింది, మీరు చల్లగానే ఉన్నారు. అయినా కొత్తది వచ్చేదాకానే మీ కొలువు. మాడినవారిని నమ్మి మళ్లీ పడుకోలేను.

అత్తగారు ఆ గిన్నె చింతపండు పెట్టి తోముతున్నారు. నన్నొక్క మాట అనలేదు. గిన్నె బోర్లించి లోపలికి వెళ్తూ మాత్రం, "ఇంట్లో ఫ్రిజ్ ఉంది కదా బాబూ" అన్నారు.

ఇట్లు,
చీరమీను తినని అల్లుడు