దేవుడి మాన్యం తినే ‘డి’

మూడో తరగతి చదువుతున్న మా మనవరాలి డిక్టేషన్ పుస్తకంలో వారాల పేర్లు ఏడూ ఉన్నాయి. ఆరింటికి టిక్కు, బుధవారానికి ఎర్ర సిరాతో ఇంటూ. టీచరు ‘వెన్స్‌డే’ అన్నారట. పిల్ల విన్నది విన్నట్టు డబ్ల్యూ, ఇ, ఎన్, ఎస్, డి, ఎ, వై అని రాసింది. తప్పన్నారు. మర్నాడు దిద్దిన మాట చదవమంటే, చూసింది చూసినట్టు ‘వెడ్-నెస్-డే’ అంది. అదీ తప్పేనట, ఉన్నవి రెండు ముక్కలేనట.

విన్నట్టు రాసినా, రాసినట్టు చదివినా శిక్ష పడుతోంది కనుక నేనే తనిఖీకి దిగాను. హాజరు పట్టీలో అక్షరాలు తొమ్మిది. వాటిలో మొదటి ‘డి’, రెండో ‘ఇ’ కుర్చీకి తువ్వాలు తగిలించి వెళ్ళిపోయాయి. ‘ఎస్’ ఉంది గానీ ‘జడ్’ పని చేస్తోంది. చివరి ఇద్దరూ కలిసి ఒక్క అచ్చు మోస్తున్నారు.

‘డి’ని తొలగిద్దామంటే దాని వెనక పెద్దవాళ్ళున్నారు. రోమన్లు ఈ రోజును మెర్క్యురీకి ఇస్తే, పాత ఇంగ్లీషువాళ్ళు ఆ పీటమీద తమ వోడెన్ దేవుణ్ణి కూర్చోబెట్టారు. ‘డి’ ఆయన పేరులోది. దేవుణ్ణి పలకడం ఎప్పుడో మానేశారు, మాన్యం మాత్రం ‘డి’ తింటూనే ఉంది. ఇంగ్లండు ఉత్తరాన కొందరు ఇప్పటికీ దాన్ని పలుకుతారు, పాపం, పాత భక్తులు. పంక్తి చివర మాట విరిగితే మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు ప్రకారం మొదటి ఆరు అక్షరాలు పైన ఉండాలి, ‘డే’ కిందికి దిగాలి. అంటే పనిచేసేవాళ్ళకే బదిలీ, సోమరులిద్దరూ ఉన్నచోటే!

మెర్క్యురీ అంటే మన బుధుడే. అదే కొలువు, అదే రోజు. మన దగ్గర బు, ధ, వా, రం నాలుగూ నోరు తెరిచి పనిచేస్తాయి. తెలుగులో రాసిందే పలుకుతామని మీసం మెలేస్తుంటే, మా ఆవిడ వంటింట్లోంచి “ఏదీ, ‘చిహ్నం’ అనండి” అంది. ‘చిన్హం’ అన్నాను. చర్చ అక్కడితో వాయిదా పడింది.

వచ్చే వారం డిక్టేషన్ నెలల పేర్లట. రెండో నెలలో మొదటి ‘ఆర్’ చాలామంది నోళ్ళలో సెలవులో ఉంటుందని పిల్లకు ముందే చెప్పి ఉంచాను. “మరి ఫిబ్రవరిలో ఉంది కదా తాతయ్యా?” అంది.