మతిమరుపు అన్న పేరే తప్పుదారి పట్టిస్తోంది

1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో చేరిన 51 ఏళ్ల ఆగస్టె డెటర్‌ను డాక్టర్ ఆలోయిస్ అల్జీమర్ పేరు అడిగాడు. "ఆగస్టె" అంది. ఇంటిపేరు? "ఆగస్టె." భర్త పేరు? "ఆగస్టె అనుకుంటా." కాలీఫ్లవర్, పంది మాంసం తింటున్నప్పుడు అదేమిటని అడిగితే పాలకూర అంది. జ్ఞాపకంతో పాటు మాట కూడా చెదిరిపోతోందని, తర్వాత ఆ డాక్టర్ పేరుతోనే అల్జీమర్స్ అని పిలిచిన ఈ జబ్బు చరిత్ర మొదటి పుటలోనే ఉంది. మనం మాత్రం జ్ఞాపకం, మాట, ఆలోచన క్రమంగా దెబ్బతినే డిమెన్షియాకు మతిమరుపు అని పేరు పెట్టేసి మాట సంగతి వదిలేశాం.

డిమెన్షియాల్లో ఒక రకమైన అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు దెబ్బతినేది మెదడులో కొత్త సంగతుల్ని భద్రపరిచే హిప్పోక్యాంపస్, దాని చుట్టుపక్కల భాగాలు. అందుకే ఉదయం ఎవరొచ్చారో గుర్తుండదు, చిన్ననాటి ముచ్చట మాత్రం పూస గుచ్చినట్టు వస్తుంది. మాటలో మార్పు ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు. ముందు నామవాచకాలు జారుకుంటాయి. వాటి చోట "అదీ... అదే, ఆ ఉంటుందే" చేరుతుంది. క్రియలు, విభక్తులు చాలాకాలం తమ చోటే ఉంటాయి కాబట్టి వాక్యం సాఫీగానే సాగుతుంది. వినేవాళ్లకు అనుమానం రాదు.

నవలా రచయిత్రి ఐరిస్ మర్డాక్ చివరి నవల 1995లో వచ్చింది. అల్జీమర్స్ బయటపడింది ఆ తర్వాతే. 2005లో పరిశోధకుడు పీటర్ గారార్డ్ బృందం ఆ నవలను ఆమె పాత రచనలతో పోల్చింది. వాక్య నిర్మాణం పెద్దగా మారలేదు, పదసంపద మాత్రం చిక్కిపోయింది.

అసలు జ్ఞాపకం బాగానే ఉండి మాట ఒక్కటే పోయేవాళ్లూ ఉన్నారు. నాడీ వైద్యుడు మార్సెల్ మెసులమ్ 1982లో అలాంటి ఆరుగురి గురించి రాశాడు. మాటల అర్థాలే చెరిగిపోయే సెమాంటిక్ డిమెన్షియా ఇంకా విచిత్రం: నిన్నటి సంగతి చెప్పగలిగిన మనిషే "చెంచా అంటే ఏమిటి?" అని అడుగుతాడు. ఇంట్లోవాళ్లు చెవుడనో, కావాలని చేస్తున్నాడనో అనుకుంటారు. 'మతిమరుపు లేదు కదా' అన్న ధీమాతో డాక్టర్ దగ్గరికి వెళ్లడమూ ఆలస్యమవుతుంది.

గొంతు విని జబ్బు పసిగట్టే సాఫ్ట్‌వేర్ల మీద ఇప్పుడు ఆశలు ఎక్కువ. నాకైతే అంత తొందర నచ్చదు. అవి నేర్చుకున్న మాటల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు. పాత పరీక్షలకూ ఇలాంటి లోపమే ఉంది. జ్ఞాపకం, మాట వంటివి ఎలా ఉన్నాయో చూసే 1975 నాటి 30 మార్కుల పరీక్ష ఎం.ఎం.ఎస్.ఇ. ఒక వాక్యం రాయమంటుంది. బడికే వెళ్లని మనిషి ఏం రాయాలి?

రెండు భాషల మనుషుల విషయం మరీ చిక్కు. నాడీ వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించిన భాషలు మాట్లాడేవాళ్లలో లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని తేలింది. చదువురాని వాళ్లలోనూ ఈ తేడా కనబడింది. ఆరోగ్యవంతుల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు కొన్ని దీన్ని బలపరచలేదు కాబట్టి, భాష నేర్చుకుంటే జబ్బు రాదని చాటింపు వేయనక్కర్లేదు. అంతకంటే చిన్న ప్రశ్నకే జవాబు కావాలి. నిమిషంలో గుర్తొచ్చినన్ని జంతువుల పేర్లు చెప్పమనే పరీక్షలో ఒకరు "కుక్క, పిల్లి, టైగర్" అన్నారనుకోండి. ఆ టైగర్‌ను మాట తట్టకపోవడం కింద రాసుకోవాలా, రోజూ మాట్లాడే తీరు కింద వదిలేయాలా?