ఫిల్టర్లు పీకేస్తే కంప్యూటర్ చల్లబడుతుందా?

డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను సొంతంగా కూర్చుకునేవారి మధ్య ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతోంది. మొదట ఎవరు రాశారో తెలియదు. ఎవరు పంచినా మాటలు మాత్రం ఇంచుమించు ఇవే: "క్యాబినెట్‌కు పెట్టే దుమ్ము ఫిల్టర్లు ఒట్టి వ్యాపార మాయ. గాలిని అడ్డుకుంటాయి, సన్నటి దుమ్మును మాత్రం ఆపలేవు. పీకేయండి. ఫ్యాను కొనేటప్పుడు సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి కదులుతుందో చెప్పే కొలత) అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. లోపలికి లాగే ఫ్యాన్లు ఎక్కువుంటే దుమ్మే చేరదు. వేడి గాలి ఎలాగూ పైకే పోతుంది కాబట్టి పైభాగం తెరిచి ఉంచండి. ఇంకా వేడెక్కితే పక్క పలక తీసేయండి."

ఇందులో ప్రతి ముక్కలోనూ పిసరంత నిజం ఉంది. ఇంతకాలం బతకడానికి కారణం ఆ పిసరే. మిగతాదంతా లెక్కకు నిలవదు.

గాలిని అడ్డుకుంటాయన్న మాటతో మొదలుపెడదాం. అడ్డుకుంటాయి, సందేహం లేదు. ఎంత అన్నదే ప్రశ్న. బరువైన ఆట ఆడుతున్నప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి 400 వాట్లు తీసుకుంటున్నాయనుకోండి. ఆ 400 వాట్లూ చివరికి వేడిగానే తేలతాయి. ఒక ఘనపు మీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1,200 జౌళ్లు పడతాయి. కాబట్టి లోపలికొచ్చిన గాలి పది డిగ్రీలకు మించి వేడెక్కకుండా బయటపడాలంటే సెకనుకు దాదాపు 33 లీటర్ల గాలి కదలాలి. ఫ్యాన్ల పెట్టెల మీద రాసే కొలతలో అది 70 సీఎఫ్‌ఎం. 120 మి.మీ. ఫ్యాన్లు మూడు కలిసి, మధ్యస్థ వేగంతో తిరుగుతూ, జాలీలూ మలుపులూ దాటుకుని కూడా ఇవ్వగల గాలే ఇది.

ఇప్పుడు ఫిల్టరు పెట్టాం, అది ఏకంగా ఆరో వంతు గాలిని మింగేసిందనుకుందాం. పది డిగ్రీల పెరుగుదల పన్నెండు అవుతుంది. అంటే ప్రాసెసర్ 68 చూపించే చోట 70 చూపిస్తుంది. రైజెన్ 7000 శ్రేణి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటిని వాటి తయారీ సంస్థ ఏఎమ్‌డీ 95 డిగ్రీల దాకా నిశ్చింతగా పనిచేసేలాగే రూపొందించింది. అలాంటి చోట ఈ రెండు డిగ్రీల కోసం లోపలి భాగాలన్నిటినీ ధూళికి అప్పగించడం ఏ బేరమో నాకు అర్థం కాదు.

అసలు అడ్డంకి చాలాసార్లు ఫిల్టరులో ఉండదు, దాని ముందున్న పలకలో ఉంటుంది. ముందువైపు మెరిసే గాజు పలకో రేకు పలకో బిగించి, గాలికి అంచుల వెంట వేలు కూడా దూరని చీలికలు వదిలిన క్యాబినెట్లు కోకొల్లలు. అలాంటిదాంట్లో ఫిల్టరు పీకినా ఒరిగేది తక్కువ, ఎందుకంటే గొంతు నొక్కుతున్నది వేరొకటి. తేల్చుకోవడం తేలిక. ముందు పలకను మాత్రం ఊడదీసి, ఫిల్టరును ఉండనిచ్చి, అదే పనిని అరగంట నడిపి ఉష్ణోగ్రత చూడండి. తరువాత పలక పెట్టి ఫిల్టరు తీసి చూడండి. దోషి ఎవరో అంకెలే చెబుతాయి.

ఫిల్టరు ఎంచుకునేటప్పుడు చాలామంది పట్టించుకోనిది దాని వైశాల్యం. మూడు 120 మి.మీ. ఫ్యాన్ల నోళ్లు కలిపితే దాదాపు 340 చదరపు సెంటీమీటర్లు. 20 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తు ఉన్న ముందు భాగమంతా జాలీ అయితే అది 800. గాలి అంతే, దారి రెట్టింపుకు పైగా. జాలీ గుండా వెళ్లే వేగం సగానికి లోపు పడిపోతుంది, నిరోధమూ సగానికి తక్కువే అవుతుంది. అందుకే ఒక్కొక్క ఫ్యానుకు విడివిడిగా అతికించే చదరపు ఫిల్టర్లకన్నా ముందు భాగాన్నంతా కప్పే ఒకే పెద్ద ఫిల్టరు మేలు. ఫ్యానుకు ఆనించి పెట్టిన ఫిల్టరుతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫ్యాను నడిమధ్య మోటారు ఎదురుగా ఉన్న భాగం దాదాపు వృథా అవుతుంది, రెక్కలకు అంత దగ్గరగా గాలి చీలడం వల్ల రొదా పెరుగుతుంది. మధ్యలో ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడం దొరికితే రెండూ తగ్గుతాయి.

"సన్నటి దుమ్మును ఆపలేవు" అన్నది అక్షరాలా నిజం. పొగలాంటి సూక్ష్మ ధూళిని ఏ నైలాన్ జాలీ ఆపదు. అయితే హీట్‌సింక్‌ను, అంటే ప్రాసెసర్ వేడిని గాలికి వదిలే సన్నటి లోహపు పలకల కట్టను, చంపేది ఆ సూక్ష్మ ధూళేనా? ఫిల్టరు లేకుండా ఏడాది నడిచిన కంప్యూటర్‌లో ప్రాసెసర్ మీది ఫ్యానును విప్పి చూడండి. పలకల సందుల్లోకి గాలి ప్రవేశించే అంచు మీద బూడిదరంగు పొర ఒకటి కంబళి ముక్కలా పరుచుకుని ఉంటుంది. గోటితో ఒక మూల లేపితే మొత్తం ఒకే ముక్కగా ఊడి వస్తుంది. దాని వెనక పలకల లోతుల్లో చూస్తే పల్చటి పూత తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఊడొచ్చిన ముక్కను వెలుగుకు పట్టి చూస్తే లోపలంతా బట్టల నూగు, వెంట్రుకలు, దూది పోగులు. పలకల మధ్య సందు రెండు మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. సన్నటి ధూళి అందులోంచి చాలామటుకు దూసుకుపోతుంది. పోగులు మాత్రం ఒక పలక నుంచి ఇంకో పలకకు అడ్డంగా పడతాయి. ఆ పోగులకు ధూళి చిక్కుతుంది, ఆ ధూళికి మరిన్ని పోగులు చిక్కుతాయి. మామూలు జాలీ ఆపేది సరిగ్గా ఈ పోగులనే. దుమ్ము ఎక్కడో ఒకచోట చేరక తప్పదు. చేత్తో తీసి కడగగలిగే చట్రం మీద చేరాలా, స్క్రూడ్రైవరు లేకుండా అందని పలకల మీద చేరాలా అన్నదే మన చేతిలో ఉంది.

ఈ వాదనను తలకిందులు చేసి, "అయితే సన్నటి గుడ్డ కట్టేద్దాం" అనేవారూ ఉన్నారు. మేజోడు గుడ్డ, ముఖానికి కట్టుకునే మాస్కు పొర, చివరికి గాలి శుద్ధి యంత్రాల్లో వాడే, అతి సూక్ష్మ ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టరు ముక్క కూడా. క్యాబినెట్ ఫ్యానుకు అంత సత్తా లేదు. మామూలు 120 మి.మీ. ఫ్యాను పుట్టించగల గరిష్ఠ పీడనం పది నుంచి పాతిక పాస్కళ్లు. హెపా ఫిల్టరు కొత్తగా ఉన్నప్పుడే దానికి నిర్దేశించిన ప్రవాహం దగ్గర 250 పాస్కళ్ల వరకు అడగగలదు. గాలి శుద్ధి యంత్రాలు దాన్ని నెగ్గేది పొరను మడతలు మడతలుగా పేర్చి వైశాల్యం పెంచి, బలమైన మోటారు పెట్టి. చదునుగా అతికించిన ముక్క ముందు మన ఫ్యాను ఊరికే తిరుగుతుంది. ఇక స్పాంజి ఫిల్టర్లు జాలీకన్నా ఎక్కువ పట్టుకుంటాయి, త్వరగా నిండుతాయి, ఏళ్లు గడిచాక పొడిపొడిగా రాలి తామే దుమ్మవుతాయి. అయస్కాంతపు అంచుతో అతుక్కునేదో, పట్టాల మీద జారి బయటికొచ్చేదో అయిన నైలాన్ జాలీయే నా ఓటు.

సీఎఫ్‌ఎం అంకె విషయానికొస్తే, అది ఫ్యానుకు ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పుడు కొలిచినది. పక్కనే రాసే పీడనం అంకె గాలి అసలు కదలకుండా దారి మూసేసినప్పటిది. రెండూ ఒకేసారి దొరకవు. నిజమైన పని ఆ రెంటి నడుమ ఎక్కడో జరుగుతుంది, ఎక్కడన్నది ఎదురుగా ఉన్న జాలీ, పలక, నీటితో చల్లబరిచే కూలరు తాలూకు రేడియేటరు తేలుస్తాయి. నాక్టువా అనే ఒకే సంస్థ చేసే రెండు 120 మి.మీ. ఫ్యాన్లను చూడండి. 1,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వేగపు ఎన్ఎఫ్-ఎస్12ఏ గంటకు 107.5 ఘనపు మీటర్ల గాలి ఇస్తుంది, పీడనం 1.19 మి.మీ. నీటిమట్టం (ఒక మి.మీ. అంటే దాదాపు పది పాస్కళ్లు). 1,500 ఆర్‌పీఎం ఎన్ఎఫ్-ఎఫ్12 ఇచ్చేది 93.4 ఘనపు మీటర్లే, పీడనం మాత్రం 2.61. గాలి అంకె మాత్రమే చూసేవారు మొదటిదాన్ని కొని ఫిల్టరు వెనక బిగిస్తారు, గాలి రాలేదని ఫిల్టరును తిడతారు. ఏ అడ్డూ లేని వెనక కిటికీకి మొదటిది బాగుంటుంది. జాలీ వెనక ముందువైపున రెండో తరహాది కావాలి. వేగం పెంచితే సరిపోదా అంటే, సరిపోతుంది కానీ ఉచితంగా కాదు. వేగం రెట్టింపైతే గాలి రెట్టింపు, పీడనం నాలుగు రెట్లు, మోటారు తినే శక్తి ఎనిమిది రెట్లు. రొద సంగతి సరేసరి.

లోపలికి లాగే ఫ్యాన్లు ఎక్కువుంటే దుమ్మే చేరదన్న వాక్యం ఈ సలహా మొత్తంలో నిజానికి అతి దగ్గరగా ఉన్నది. లోపలి పీడనం బయటికన్నా కాస్త ఎక్కువగా ఉంటే అదనపు కార్డుల కోసం వెనకవైపు వదిలిన ఖాళీ స్లాట్ల సందులు, స్క్రూ రంధ్రాలు, పలకల అంచుల గుండా గాలి బయటికే పోతుంది. లోపలికి రావాలంటే ముందు ఫ్యాన్ల గుండానే రావాలి. ఆ దారిలో ఫిల్టరు ఉంటేనే ఈ ఏర్పాటుకు అర్థం. ఫిల్టర్లు పీకేయమని చెప్పి, రెండు వాక్యాల తరువాత ఇది చెప్పడం ఏమిటో! వడకట్టని గాలిని మూడు ఫ్యాన్లతో తోడి లోపల పోస్తే సందుల గుండా వచ్చే దుమ్ము తగ్గుతుంది, ముఖద్వారం నుంచి వచ్చేది పెరుగుతుంది.

పైగా ఫ్యాన్లను లెక్కపెట్టినంత మాత్రాన పీడనం తెలియదు. ముందు మూడు ఫ్యాన్లు పలక, జాలీ వెనక నుంచి లాగుతుంటాయి, వెనక ఒక్కటి ఏ అడ్డూ లేకుండా నెడుతుంటుంది. పవర్ సప్లై ఫ్యాను కిందికి తిరిగి ఉంటే అది తన గాలిని తానే తెచ్చుకుని తానే వదులుతుంది. పైకి తిరిగి ఉంటే మాత్రం క్యాబినెట్ గాలిని లాగి బయటికి నెట్టే ఇంకో ఫ్యాను అవుతుంది. కాబట్టి కొలిచే చూడాలి, అందుకు పరికరాలేమీ అక్కర్లేదు. పల్చటి టిష్యూ కాగితాన్ని వేలెడు పొడవున సన్నటి పట్టీగా చింపి, వెనక గ్రాఫిక్స్ కార్డు కింద ఉన్న ఖాళీ స్లాటు మూతల ముందు వేలాడదీయండి. పట్టీ బయటికి ఎగిరితే లోపల పీడనం ఎక్కువ. మూతకు అతుక్కుంటే తక్కువ, ఆ సందులన్నీ వడకట్టని గాలిని పీలుస్తున్నాయన్నమాట. అప్పుడు మదర్‌బోర్డు సెట్టింగుల్లో వెనక ఫ్యాను వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పట్టీ తిరగబడే చోట ఆపండి.

ఈ పరీక్షను నెల రెండు నెలలకోసారి మళ్లీ చేయడం మంచిది. ఫిల్టరు నిండేకొద్దీ లోపలికొచ్చే గాలి తగ్గుతుంది, వెనక ఫ్యాను మాత్రం అదే జోరున నెడుతుంది. శుభ్రంగా ఉన్నప్పుడు ఎక్కువ పీడనంతో నడిచిన క్యాబినెట్ చడీచప్పుడు లేకుండా తక్కువ పీడనంలోకి జారిపోతుంది. ఫిల్టరు పెట్టినా దుమ్ము వస్తోందని చాలామంది విసుక్కునేది ఈ దశలోనే.

వేడి గాలి పైకి పోతుందన్న భౌతికశాస్త్రాన్ని ఎవరూ కాదనరు. దాని బలమెంతో చూడాలి. 45 సెం.మీ. ఎత్తున్న క్యాబినెట్‌లో గాలి బయటికన్నా పది డిగ్రీలు వేడిగా ఉంటే పుట్టే పీడనం పాస్కల్‌లో ఐదో వంతు కూడా ఉండదు. అతి మెత్తటి ఫ్యాను ఇచ్చేది దానికి యాభై రెట్లకు పైనే. ఫ్యాను ఎటు నెడితే వేడి అటే పోతుంది. పైభాగంలో వెనకవైపు బయటికి నెట్టే ఒక ఫ్యాను పెట్టుకోవచ్చు. ముందువైపు పెడితే అది చల్లటి గాలిని ప్రాసెసర్ దాకా చేరకముందే ఎత్తుకుపోతుంది. పైభాగంలో ఫ్యానే లేకపోతే దాన్ని తెరిచి ఉంచడంలో లాభం లేదు. కంప్యూటర్ ఆపి ఉన్నన్ని గంటలూ దుమ్ము రాలేది అక్కడి నుంచే.

పక్క పలక తీయడం వైద్యంగా పనికిరాదు, రోగనిర్ధారణకు పనికొస్తుంది. తీసిన వెంటనే పది డిగ్రీలకు మించి తగ్గితే క్యాబినెట్‌కు ఊపిరి ఆడడం లేదు. రెండు మూడు డిగ్రీలే తగ్గితే లోపం ప్రాసెసర్ కూలరులోనో, ప్రాసెసర్ వేడిని కూలరుకు అందించే పేస్టులోనో ఉంది, ఎన్ని ఫ్యాన్లు పెంచినా తీరదు. చూసుకుని పలక మూసేయండి.

ఫిల్టర్లు లేకుండా నడపడం తగిన సందర్భాలు లేకపోలేదు. నెలనెలా క్యాబినెట్ విప్పి గాలి కొట్టే ఓపిక ఉన్నవారు, భాగాలను రోజూ మార్చి పరీక్షించేవారు పీకేసుకోవచ్చు. మిగతావారు ఫిల్టరు కొనేముందు దాని సన్నదనంకన్నా ముందు అది ఎటు నుంచి బయటికొస్తుందో చూడాలి. పవర్ సప్లై కింది ఫిల్టరు వెనకవైపుకే జారేలా చేసిన క్యాబినెట్లు ఉన్నాయి. దాన్ని తీయాలంటే తీగలన్నీ ఊడదీసి క్యాబినెట్‌ను గోడ దగ్గర నుంచి లాగాలి. అలాంటి ఫిల్టరును కొన్ననాటి నుంచి ఎవరూ ముట్టుకోరు. ముందుకో పక్కకో జారేదైతే నిమిషం పని.

ఎప్పుడు కడగాలో క్యాలెండరు చెప్పలేదు. ఫిల్టరు శుభ్రంగా ఉన్నరోజున ఒకే పనిని అరగంట నడిపి, గది ఉష్ణోగ్రతతో సహా అంకెలు రాసిపెట్టుకోండి. గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడా నాలుగైదు డిగ్రీలు పెరిగినప్పుడు కడగండి. నైలాన్ జాలీకి కుళాయి నీళ్లు చాలు, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. లోపలికి గాలి కొట్టేటప్పుడు కరెంటు తీగ తీసేసి, ప్రతి ఫ్యాను రెక్కనూ వేలితో ఆపి పట్టుకోండి. విడిచిపెడితే గాలి తోపుకు అది తన హద్దు మించి తిరిగి బేరింగు దెబ్బతింటుంది.