సేవ్ అయింది, కొత్తిమీర!

బజారుకెళ్ళి, ఎందుకెళ్ళాడో మర్చిపోయి, అరటిపళ్ళతో తిరిగిరావడం మా బావకి అలవాటు. "మీ బావ రోజంతా ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటారు కదా, అందులోనే సరుకుల చీటీ కనబడేట్టు ఏదన్నా చెయ్యరా" అంది అక్క. బెంగళూరు మారతహళ్ళిలో వాళ్ళింట్లో ఆదివారం గోంగూర పప్పు తిన్న చెయ్యి ఇంకా ఆరలేదు, కాదంటే ఎలా?

రెండు రాత్రుల్లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఏ పనిలో ఉన్నా కంట్రోల్ ఆల్ట్ ఎల్ నొక్కితే చీటీ తెరుచుకోవాలి. మామూలుగా మనం నొక్కిన మీట, తెర మీద ముందున్న విండోకే వెళ్తుంది. అలా కాకుండా అది మనకే రావాలంటే రిజిస్టర్‌హాట్‌కీ అని విండోస్‌కి ముందే చెప్పుకోవాలి. సంక్రాంతి బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టన్నమాట. అదే మీటల జత మీద ఇంకొకడు తువ్వాలు వేయబోతే 1409 అనే ఎర్రర్ వస్తుంది. కండక్టర్ కూడా ఇంత కచ్చితంగా ఉండడు.

నా ఖర్మ కొద్దీ, చీటీ విండోలో మాత్రమే పనిచెయ్యాల్సిన, సేవ్ చేసే కంట్రోల్ ఎస్‌కి కూడా నిద్రమత్తులో అదే తువ్వాలు వేసేశాను. నేను ప్రోగ్రామ్ రాసే ఎడిటర్ తనంతట తానే సేవ్ చేసుకుంటుంది, అందుకే నాకేమీ తేడా తెలియలేదు. అలాగే బావ కంప్యూటర్లో పెట్టేశాను.

బుధవారం బావ సిల్క్ బోర్డు ట్రాఫిక్‌కి దడిసి ఇంట్లోనే కూర్చున్నాడు. మార్చి నెలాఖరు లెక్కలు. జాగ్రత్తపరుడు కాబట్టి ఎక్సెల్‌లో నాలుగు వరసలు కొట్టగానే ఒకసారి కంట్రోల్ ఎస్ నొక్కేవాడట. ఆ నొక్కుడు ఒక్కటీ ఎక్సెల్ దాకా పోలేదు. అన్నీ నా ప్రోగ్రామ్ దారిలోనే అందుకుని, చడీచప్పుడు లేకుండా అక్క చీటీని సేవ్ చేస్తూ పోయింది.

సాయంత్రం ఫైల్ మూస్తుంటే, మార్పులు సేవ్ చెయ్యాలా అని ఎక్సెల్ అడిగింది. "పొద్దున్నుంచీ చేస్తూనే ఉన్నాను, మళ్ళీ అడుగుతావేంటి?" అని విసుక్కుని, వద్దు నొక్కాడు.

ఫోన్ వచ్చింది. "ఏరా, నా మార్చి ఏదిరా?"

ఆటో పట్టుకుని పరిగెత్తాను. ఎక్సెల్ 10 నిమిషాలకోసారి తనంతట తానే ఒక కాపీ దాస్తుంది, ఆ సెట్టింగ్ ఎవరూ కదపకపోతే. దేవుడు చల్లగా చూశాడు, బావ కదపలేదు. ఆఖరి కొన్ని వరసలు తప్ప అంతా దొరికింది. కంట్రోల్ ఎస్ మీద తువ్వాలు తీసేసి, దాన్ని చీటీ విండోకే కట్టేశాను. బావ మాత్రం ఇప్పటికీ మౌస్‌తో ఆ ఫ్లాపీ బొమ్మ మీదే నొక్కుతున్నాడు, రెండేసి సార్లు.

ఇదంతా అయ్యాక నా ప్రోగ్రామ్ ఫోల్డర్ తెరిచాం. పాలు, చింతపండు, కొత్తిమీర. టైముతో సహా, ఒకే చీటీ 43 కాపీలు. అక్క వాటిని కిందదాకా చూసి, ఖాళీ సంచీ వంక చూసి, బావ వైపు తిరిగింది.

"నలభై మూడు సార్లు సేవ్ చేసుకుని కూడా కొత్తిమీర తేలేదా అండీ?"