సవరణ: పూణే చెత్త సేకరణ గురించి నిన్న రాసినదాంట్లో తప్పు

నిన్న పూణే గురించి రాస్తూ అక్కడ ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళ్లే ఆడవాళ్లకి కార్పొరేషనే జీతాలిస్తుందని రాశాను, అది తప్పు అండి, క్షమించండి. వాళ్లు ఉద్యోగులు కాదు. వాళ్లు పనిచేసే స్వచ్ఛ్ అనేది చెత్త ఏరుకుని బతికేవాళ్లు సొంతంగా పెట్టుకున్న సహకార సంఘం, 2008లో పూణే కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని పని మొదలుపెట్టారు. ఆదాయం రెండు వైపుల నుంచి వస్తుంది, ఒకటి ఇళ్లవాళ్లు నెలనెలా ఇచ్చే డబ్బులు, రెండోది పొడి చెత్తలో దొరికే అట్టలు, ప్లాస్టిక్, ఇనుము లాంటివి వాళ్లే ఏరి అమ్ముకుంటే వచ్చేది. ఆ తుక్కు మీద హక్కు వాళ్లదే, అసలు విషయం అంతా అక్కడే ఉంది, నేను జీతం అని రాయడంతో అదే పోయింది, అందుకే ఇంత పట్టుబట్టి మళ్లీ రాస్తున్నా.

ఇంకోటి, పేరు చూసి ఇది స్వచ్ఛ భారత్‌లో భాగం అనుకున్నాను, అదీ కాదు. స్వచ్ఛ భారత్ వచ్చింది 2014లో, వీళ్ల యూనియన్ కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ 1993 నుంచే ఉంది. ముందు యూనియన్‌గా కూడి గుర్తింపు కార్డుల కోసం కొట్లాడారు, ఈ సంఘం ఆ తర్వాతే వచ్చింది. ఈ చెత్త ఏరేవాళ్లని కార్పొరేషన్ పక్కకి నెట్టకుండా ఆ పనే వాళ్లకి అప్పజెప్పింది చూడండి, నాకు బాగా నచ్చింది అదే. పాత పోస్టులో ఆ రెండు లైన్లూ మార్చేశాను, షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా షేర్ చేయండి.