బేరం తెలుగులో, బాండు ఇంగ్లీషులో

బెంగళూరులో హోమ్ లోన్ తీసుకోబోతున్న తెలుగువాళ్ల కోసం, ముఖ్యంగా ఊళ్లో ఉన్న అమ్మానాన్నల్ని కో-అప్లికెంట్లుగా పెడుతున్నవాళ్ల కోసం ఈ పోస్ట్. పొడుగ్గా ఉంటుంది. మధ్యలో నా కోపం కూడా ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

లోన్ ఫైల్లో 'వెర్నాక్యులర్' అని ఒక కాగితం ఉంటుంది. డీఎస్ఏ కుర్రాళ్లు (కంపెనీల తరఫున లోన్లు అమ్మే ఏజెంట్లు) దాన్ని ఆ ఒక్క మాటతోనే పిలుస్తారు. ఇంగ్లీషులో కాకుండా తమ భాషలో సంతకం పెట్టేవాళ్ల దగ్గర, వేలిముద్ర వేసేవాళ్ల దగ్గర తీసుకుంటారు. 'ఈ కాగితాల్లో ఉన్నదంతా నాకు ఫలానా భాషలో చదివి వినిపించారు, వివరించారు, అర్థమయ్యాకే సంతకం చేస్తున్నాను' అని అందులోని సారం. భాష పేరు దగ్గర ఖాళీ వదిలి ఉంటుంది, పెన్నుతో నింపుతారు. నేను చూసిన ప్రతి ఫైల్లోనూ ఈ కాగితం ఇంగ్లీషులోనే ఉంది. అంటే, తనకి అంతా తెలుగులో వివరించారని ఇంగ్లీషు రాని మనిషి ఇంగ్లీషులో రాసిస్తోందన్నమాట. దీన్ని కనిపెట్టిన లాయరెవరో గానీ దండం పెట్టాలి.

మా చిన్నాయన, చిన్నమ్మ మదనపల్లె నుంచి వచ్చి మారతహళ్లిలో పీజీ నడుపుతున్నారు. ఇద్దరూ కన్నడ గడగడా మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. ఇంగ్లీషు బోర్డుల మీద పేర్లు, అంకెల వరకే. కె.ఆర్.పురం వైపు ఒక ఫ్లాట్ నచ్చింది. ఐటీ రిటర్నులు సరిపోవని బ్యాంకు ముఖం తిప్పేస్తే ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీకి వెళ్లారు. దాని పేరు ఇక్కడ రాయను.

సంతకాలు పీజీ డైనింగ్ హాల్లోనే జరిగాయి. మధ్యాహ్నం సాంబారు గిన్నెలు పక్కకి జరిపి, టేబుల్ తుడిచి ఫైల్ పరిచారు. వచ్చినతను కడప వైపు కుర్రాడు, మర్యాదస్తుడే. ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో ప్రతి పేజీలో పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు ముందే వేసుకొచ్చాడు. "ఇది అగ్రిమెంటమ్మా, ఇది ఈఎంఐ కట్ అయ్యేదానికి, ఇది ఇన్సూరెన్సుకి, ఇది ఉత్త ఫార్మాలిటీ" అంటూ అతను పేజీలు తిప్పుతుంటే, మా చిన్నమ్మ తన గుండ్రటి చేతిరాతలో ఇంటిపేరుతో సహా రాసుకుంటూ పోయింది. మధ్యలో ఒక్కసారి పెన్ను ఆపి, "వడ్డీ పెంచితే మాకు ముందుగా చెప్తారా నాయనా?" అని అడిగింది. "ఫోన్‌కి మెసేజ్ వస్తాదమ్మా" అన్నాడు. ఏ భాషలో వస్తాదో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

తర్వాత కాగితాలు నా దగ్గరికి వచ్చాయి. మా చుట్టాల్లో ఎవరి లోన్ కాగితాలైనా చివరికి నా దగ్గరికే వస్తాయి. 36 లక్షల లోనులో 1 లక్షా 60 వేలు ఇన్సూరెన్సు ప్రీమియం. చేతి నుంచి కట్టలేదు కాబట్టి వాళ్లకి తెలియనే లేదు, అసలులో కలిపేశారు. 9.5 శాతం వడ్డీ మీద 20 ఏళ్లకి లెక్కేస్తే ఆ ప్రీమియం ఒక్కదానికే నెలకి దాదాపు 1,490 రూపాయలు. మొత్తం కలిపి మూడున్నర లక్షలు దాటుతుంది. ఇన్సూరెన్సు వద్దనడం లేదు. ఇంటి మీద అప్పున్న మనిషికి టర్మ్ పాలసీ ఉండాల్సిందే. కానీ వీళ్ల దగ్గరే, అదే రోజు, లోనులోనే కలిపి తీసుకోవాలని ఏ రూలూ లేదు. ఆ మాట సంతకానికి ముందు చెప్పాలి కదా. కంప్లైంట్ పెడితే జవాబుగా ఏం వచ్చిందో తెలుసా? వెర్నాక్యులర్ కాగితం స్కాన్ కాపీ. కస్టమర్‌కి అన్నీ తెలుగులోనే వివరించాం, ఇదిగో ఆవిడ సంతకం, అని. ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ కాగితం తీసుకునేది మనకి అర్థమైందో లేదో చూసుకోవడానికి కాదు. రేపు మనం కోర్టుకో, ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కో పోతే మన నోరు మూయించడానికి. అది ఫైల్లో మొదటి రోజు నుంచీ సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఒక సర్క్యులర్ ఇచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ప్రతి కొత్త రిటైల్ టర్మ్ లోనుకీ, అంటే హోమ్ లోనుకి కూడా, అప్పు తీసుకునేవాళ్లకి 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' ఇచ్చి తీరాలి. కేఎఫ్ఎస్ అంటున్నారు. బ్యాంకులకి, ఎన్‌బీఎఫ్‌సీలకి (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు), హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి, కోఆపరేటివ్ బ్యాంకులకి అందరికీ ఇదే రూలు. వడ్డీ ఎంత, ఫ్లోటింగా (మారేదా) ఫిక్స్‌డా (మారనిదా), ప్రాసెసింగ్ ఫీజు ఎంత, లీగల్ చార్జీ ఎంత, ఇన్సూరెన్సు ఎంత, ఇవన్నీ కలుపుకుంటే ఏడాదికి నిజంగా పడే శాతం ఎంత (ఏపీఆర్ అనేది ఇదే), వాయిదాల పట్టిక, రికవరీ ఏజెంట్ల గురించి అగ్రిమెంటులో ఏ క్లాజు ఉంది, కష్టమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి, మన లోనుని ఇంకొకళ్లకి అమ్మేసుకోవచ్చా, అన్నీ అందులో ఉండాలి. అందులో లేని చార్జీ ఏదీ లోను నడిచినన్నాళ్లూ మన స్పష్టమైన ఒప్పుకోలు లేకుండా వెయ్యకూడదు. కేఎఫ్ఎస్ చేతికొచ్చాక ఆలోచించుకోడానికి కనీసం 3 పనిదినాలు టైమివ్వాలి. ఆలోపు మనం సరేనంటే అదే రేటుకి, అవే షరతులకి వాళ్లు కట్టుబడాలి.

ఆ కేఎఫ్ఎస్ ఏ భాషలో ఉండాలో కూడా సర్క్యులర్లోనే ఉంది. అప్పు తీసుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో రాయాలి, అందులో ఉన్నది వివరించాలి, అర్థమైందని వాళ్ల నుంచి ఒప్పుకోలు తీసుకోవాలి. ఇందులో మొదటి రెండూ ఎగ్గొట్టి మూడోది మాత్రం భక్తిగా చేస్తున్నారు మనవాళ్లు.

బ్రాంచిలో అడిగితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు. "సార్, ఇది కర్ణాటక. ఇంగ్లీషు, హిందీ, కన్నడ, ఈ మూడే." డిపాజిట్ స్లిప్పులకి, కౌంటరు మీది బోర్డులకి అది సరైన జవాబే. కన్నడ ఉండాల్సిందే, ఇంకా ఎక్కువగా ఉండాలి. కన్నడిగులకే కన్నడలో లోన్ కాగితం ఇవ్వని కంపెనీలు ఈ ఊళ్లో బోలెడున్నాయి, వాళ్ల కోపం న్యాయమైనదే. ఇది చదివి ఎవరూ కన్నడ-తెలుగు గొడవ మొదలుపెట్టకండి, దండం పెడతాను. కానీ కేఎఫ్ఎస్ రూల్లో ఉన్నది రాష్ట్ర భాష అని కాదు, అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాష అని. హొసకోటలో తమిళ పెద్దాయనకి తమిళంలో, శివాజీనగర్లో ఉర్దూ చదివే ఆవిడకి ఉర్దూలో ఇవ్వాలి. మా చిన్నమ్మకి తెలుగులో ఇవ్వాలి. ఎన్‌బీఎఫ్‌సీలకీ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకీ రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్ (కస్టమర్లతో ఎలా నడుచుకోవాలో చెప్పే నియమావళి) అయితే ఇంకో అడుగు ముందుకెళ్లి, అప్పు తీసుకున్నవాళ్లకి పంపే ప్రతి సమాచారమూ స్థానిక భాషలోనో వాళ్లకి అర్థమయ్యే భాషలోనో ఉండాలంటుంది.

తెలుగు చెయ్యడం కుదరదంటే నేను నమ్మను. లోను అమ్మడానికి ఫోన్ చేసే అమ్మాయి తెలుగులో మాట్లాడుతుంది. ఏటీఎం తెలుగు అర్థం చేసుకుంటుంది. ఒక్క వాయిదా తప్పితే కలెక్షన్ వాళ్లు చిత్తూరు యాసలో, మన బామ్మర్ది పేరుతో సహా పలకరిస్తారు. కేఎఫ్ఎస్ ఏమీ భారతం కాదు. రిజర్వ్ బ్యాంకే నమూనా ఇచ్చింది. గళ్లు అవే, మనిషి మనిషికీ మారేది పేర్లూ అంకెలూ మాత్రమే. ఒక్కసారి తెలుగు చేసి సిస్టంలో పెట్టుకుంటే ఆంధ్రా, తెలంగాణ బ్రాంచిలన్నిటికీ ఎటూ కావాలి. ఆ ఫైలే బెంగళూరు ప్రింటరు నుంచి రావడానికి అడ్డం ఏమిటి?

ఈ విషయంలో కాలిఫోర్నియా వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. అక్కడి సివిల్ కోడ్ 1632 సెక్షను ప్రకారం వ్యాపారి స్పానిష్, చైనీస్, టగలాగ్, వియత్నమీస్, కొరియన్, ఈ ఐదింట్లో ఏ భాషలో ప్రధానంగా బేరం చేశాడో ఆ భాషలోనే ఒప్పందం అనువాదం సంతకానికి ముందు ఇవ్వాలి. అక్కడ కూడా మన తెలుగు లేదు, శాన్ హోసే తెలుగు సంఘాల వాళ్లు వింటున్నారా! అయినా ఆ సూత్రం చూడండి. 'నీకు ఏ భాష వచ్చు' అని కస్టమర్‌ని నిలదీసే పనే లేదు. నువ్వు ఏ భాషలో అమ్మావో ఆ భాషలో కాగితమివ్వు, అంతే. ఇదే సూత్రం ఇక్కడ పెడితే ఆ డైనింగ్ హాల్ బేరానికి ఇంగ్లీషు ఫైల్ చెల్లదు.

భాష ఇబ్బంది సంతకాల రోజుతో పోదు. అప్లికేషన్ రిజెక్ట్ చేస్తే ప్రధాన కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, ఎంత చిన్న లోనుకైనా. మనవాళ్లకి దొరికేది "సిబిల్ రాలేదంట" అన్న నోటిమాట. ఏ కారణమో కాగితం మీద ఉంటే సరిచేసుకోవచ్చు. ఏడాదికోసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చని కూడా చాలామందికి తెలియదు.

వడ్డీ మార్పు సంగతి ఇంకా ఘోరం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (బ్యాంకులకి ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ) 4 శాతం నుంచి 6.5కి పోయింది. చాలామందికి ఈఎంఐ మారలేదు, హమ్మయ్య అనుకున్నారు. మారింది గడువు. అరవై ఏళ్లకి తీరాల్సిన అప్పు డెబ్భైకి జరిగింది. అందుకే 2023 ఆగస్టులో ఆర్‌బీఐ ఇంకో రూలు పెట్టింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంచెం కొంచెమా అని మనల్ని అడగాలి. మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఇదంతా ఒక ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో పంపి, బదులు రాలేదు కాబట్టి గడువు పెంచేశాం అంటే అది అడిగినట్టా? ఇంకోటి, 2025లో రెపో తగ్గింది కదా మా ఈఎంఐ ఎందుకు తగ్గలేదని చిన్నాయన నన్ను నిలదీశాడు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకుల కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో లాంటి బయటి రేటుకి ముడిపడి ఉంటాయి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఆ కట్టుబాటు లేదు, తమ సొంత రేటు పెట్టుకుంటాయి. ఈ ఒక్క వాక్యం తెలుగులో ముందే విని ఉంటే ఆయన ఐటీ రిటర్నులు సరిచేసుకుని, ఇంకో ఏడాది ఆగి బ్యాంకుకే పోయేవాడు.

అప్పు తీరిపోయాక కూడా అంతే. 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు తిరిగివ్వకపోతే, తప్పు వాళ్లదైతే, రోజుకి 5,000 రూపాయలు మనకి కట్టాలి. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. మా వీధిలో లోను తీర్చేసిన ఒకాయన దస్తావేజుల కోసం నెలల తరబడి బ్రాంచి చుట్టూ తిరుగుతూ, పాపం, ఆ మేనేజరుకే స్వీట్ బాక్సు పట్టుకెళ్లాడు.

ఇక వాయిదాలు ఆగిపోతే సర్ఫేసీ చట్టం, 2002 నాటిది. కోర్టుకి పోకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోడానికి అప్పిచ్చినవాళ్లకి వీలిచ్చేది ఇదే. బాకీ మొత్తం కట్టమనే 13(2) నోటీసుకి 60 రోజుల గడువు. దానికి మనం అభ్యంతరం రాస్తే వాళ్లు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఇల్లు స్వాధీనానికి దిగితే 45 రోజుల్లోపు డీఆర్‌టీకి (అప్పుల వసూళ్ల కేసులు వినే ట్రైబ్యునల్) వెళ్లొచ్చు. ఇంగ్లీషులో వచ్చిన ఆ కవరుని బీరువాలో బట్టల కింద పెట్టేసినవాళ్లని నేను చూశాను. అదే చట్టం కింది రూల్స్‌లో, ఇల్లు స్వాధీనం చేసుకున్నాక ఆ నోటీసు రెండు పేపర్లలో వెయ్యాలని ఉంది, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక. మన అప్పు షరతులు మనకి అర్థమయ్యే భాషలో రావు గానీ, ఇల్లు పోయిన సంగతి మాత్రం ఇరుగుపొరుగు చదువుకునే భాషలో, ఫ్లాట్ నంబరుతో సహా అచ్చవుతుంది.

కాబట్టి లోను తీసుకునేవాళ్లు మొహమాటం పక్కన పెట్టండి. అప్లికేషన్ ఇచ్చేటప్పుడే "నాకు కేఎఫ్ఎస్ తెలుగులో కావాలి" అని మెయిల్ పెట్టండి, నోటితో అడిగితే సాక్ష్యం ఉండదు. కో-అప్లికెంటు అమ్మో అత్తయ్యో అయితే ఆవిడ పేరు మీద విడిగా అడగండి. మీకు ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన ఆవిడకి చెప్పినట్టు కాదు. చదివి వినిపించకపోతే వెర్నాక్యులర్ మీద సంతకం వద్దు. మరీ ఒత్తిడి చేస్తే సంతకం పైన "నాకు తెలుగులో ఇవ్వలేదు, వివరించలేదు" అని తెలుగులోనే రాసి, ఫొటో తీసుకుని అప్పుడు పెట్టండి. ఫైల్ వెనక్కి పోతుందని, అడ్వాన్సు ఇచ్చిన ఓనరు ఊరుకోడని భయపెడతారు. ఆ భయం నిజమే, కాదనను. కానీ నెలాఖరు టార్గెట్ వాళ్లకీ ఉంటుంది, నెల చివర్లో వాళ్లెంత మెత్తబడతారో అడిగి చూస్తే తెలుస్తుంది.

బ్యాంకుకో ఎన్‌బీఎఫ్‌సీకో రాసిన కంప్లైంటుకి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి పోవచ్చు, పైసా ఖర్చు లేదు. 14448కి చేస్తే తెలుగులో మాట్లాడతారు. చండీగఢ్‌లోని వాళ్ల సెంటరుకి ఉత్తరం ఏ భాషలోనైనా రాయొచ్చు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు మాత్రం ఈ అంబుడ్స్‌మన్ పరిధిలోకి రావు, వాటి మీద కంప్లైంటు నేషనల్ హౌసింగ్ బ్యాంకుకి పంపాలి. చిన్నమ్మ తనది అక్కడికే, తెలుగులోనే, తన చేత్తోనే రాసింది, నేను తేదీలు మాత్రం సరిచూశాను.

బెంగళూరులో ఏ బ్యాంకైనా, ఏ ఫైనాన్స్ కంపెనీ అయినా మీకు తెలుగులో కేఎఫ్ఎస్ ఇచ్చి ఉంటే పేర్లు, నంబర్లు కొట్టేసి నాకు ఒక ఫొటో పంపండి. వచ్చేవారం మా కొలీగ్ వాళ్ల నాన్నగారి సంతకాలున్నాయి. "తెలుగులో ఫార్మాట్ లేదు సార్" అన్నప్పుడు టేబుల్ మీద పెట్టడానికి పనికొస్తుంది.